దేశపటం మీద చుక్కలు, మన దగ్గరి ఆఖరి బస్సు

(నల్లగొండలో యువజన కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

దేశమంతటా శాఖలున్న ఏ సేవాసంస్థ వార్షిక నివేదికను తిరగేసినా, మొదటి నాలుగైదు పుటల్లోపే ఒక భారతదేశ పటం ఎదురవుతుంది. దాని మీద ఎర్రవో నీలివో చుక్కలుంటాయి. పక్కనే ఇన్ని రాష్ట్రాలు, ఇన్ని జిల్లాలు, ఇన్ని కేంద్రాలు అన్న లెక్క ఉంటుంది. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి, అధ్యక్షుల వారి సందేశం చదవకపోయినా ఆ పటాన్ని మాత్రం వదలను. చూసిన ప్రతిసారీ నా వేలు ముందుగా కృష్ణానది వెంబడి, గద్వాల, అలంపురం, కొల్లాపురం, అచ్చంపేట, దేవరకొండల మీదుగా పోతుంది. నేను చూసిన పటాల్లో చాలావాటికి అక్కడ ఏమీ ఉండదు. హైదరాబాదు మీద అయిదారు చుక్కలు ఒకదానిపై ఒకటి పడి ముద్దగా కనిపిస్తాయి, దిగువన కర్నూలు దగ్గర ఇంకొకటి ఉంటుంది, నడుమ జాగా అంతా తెల్లగా మిగిలిపోతుంది.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ తెల్ల జాగా గురించి. చుక్క ఎక్కడ పడాలన్నది ఎవరు, ఏ కొలతతో నిర్ణయిస్తున్నారు, ఆ కొలతలో మన పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ ప్రాంతాలు ఎందుకు జారిపోతున్నాయి, చుక్క పడిన చోటికైనా మన పిల్లలు చేరగలుగుతున్నారా అన్నవి నా ప్రశ్నలు. యువజన సేవ అన్నప్పుడు నేను వృత్తి శిక్షణ, ఆటలు, పఠనాలయం, వసతి, సలహా, ఉపాధికి దారి చూపడం వంటివన్నీ కలిపి చెబుతున్నాను. వయస్సు విషయంలో 2014 నాటి జాతీయ యువజన విధానం పెట్టుకున్న 15 నుంచి 29 ఏళ్ల హద్దునే తీసుకుంటున్నాను. ఆ విధాన పత్రం ప్రకారమే దేశ జనాభాలో ఈ వయస్సు వారు 27.5 శాతం.

ముందుగా పాత సంస్థల సంగతి కొంచెం చూద్దాం. వై.ఎం.సి.ఎ., అంటే క్రైస్తవ యువకుల సంఘం, 1844లో లండన్‌లో పుట్టింది. పల్లెల నుంచి పనికోసం నగరానికి వచ్చి, దుకాణాల్లో కొలువు చేస్తూ, ఆ దుకాణాల పైనే పడుకునే కుర్రాళ్ల కోసం, జార్జ్ విలియమ్స్ అనే బట్టల దుకాణం ఉద్యోగి తన తోటివాళ్లతో కలిసి దాన్ని మొదలుపెట్టాడు. అంటే అది వలస వచ్చిన యువకుల సంస్థ. ఈ సంగతిని కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో నాకు పని ఉంది. మన దేశంలో దాని జాతీయ మండలి 1891లో మద్రాసులో ఏర్పడింది. శాఖలు ముఖ్యంగా రేవు పట్టణాల్లో, కంటోన్మెంట్లలో, మిషనరీ విద్యాసంస్థలున్న ఊళ్లలో వెలిశాయి. మన వైపు సికింద్రాబాదుకు రావడానికి కారణం కూడా అక్కడి కంటోన్మెంటే. తర్వాత ఆ సంస్థ నాయకుల్లో కె.టి. పాల్ వంటివారు పల్లెల వైపు చూపు తిప్పారు. 1920లలో ఆ సంస్థకే చెందిన స్పెన్సర్ హాచ్ ఈనాటి కన్యాకుమారి జిల్లాలోని మార్తాండంలో గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నడిపారు. అయినా పట్టణాల్లో లేచిన భవనాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒకసారి రాయి, సున్నం పెట్టి కట్టిన తర్వాత అవసరం వేరే చోటికి తరలినా భవనం తరలదు కదా.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. దాని నిర్మాణంలో ఒక తమాషా ఉంది. అక్కడ రాష్ట్రం అంటే తెలంగాణ, కర్ణాటక వంటి రాష్ట్రాలే కావు. రైల్వే జోన్లు కూడా ఒక్కొక్కటీ ఒక రాష్ట్రమే. ఒకే పట్టణంలో రైల్వే క్వార్టర్లలో ఉండే పిల్లవాడు ఒక రాష్ట్రానికి, గోడ అవతలి వీధిలో ఉండే పిల్లవాడు ఇంకొక రాష్ట్రానికి చెందుతారు. దీన్ని తప్పుపట్టను, కానీ సంస్థ గీసుకునే పటం, భూగోళశాస్త్రం గీసే పటం వేర్వేరని నా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో నెహ్రూ యువ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 1987లో వాటన్నిటినీ నడిపేందుకు నెహ్రూ యువ కేంద్ర సంఘటన్ అనే స్వయంప్రతిపత్తి గల సంస్థ ఏర్పడింది. కేంద్రాల సంఖ్య క్రమంగా పెరిగి 623కు చేరింది. సొమ్ము ప్రభుత్వానిదే అయినా, రిజిస్టరైన సొసైటీగా, పల్లె యువజన సంఘాల ద్వారా, స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా పనిచేసిన సంస్థ కాబట్టి, దేశం మొత్తం మీద యువజన కేంద్రాలు ఎట్లా పరుచుకున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద నమూనా లేదు. ఈ నమూనా కొలత చాలా సూటిగా ఉంటుంది: జిల్లాకొక కేంద్రం. ఆ తర్వాత వచ్చిన ఎన్నో సంస్థలు, ప్రభుత్వేతర సంస్థలు సహా, ఈ కొలతనే అందుకున్నాయి. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది, అందరికీ తలా ఒకటి అన్నట్టు ఉంటుంది.

అయితే జిల్లా అన్నది గజంబద్ద వంటిది కాదు. రాష్ట్రాన్ని బట్టి సాగుతుంది, కుంచించుకుపోతుంది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 640 జిల్లాలున్నాయి. వాటిలో జనాభాను బట్టి అన్నిటికంటే పెద్దదైన మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో 1 కోటి 10 లక్షల మంది ఉండగా, అన్నిటికంటే చిన్నదైన అరుణాచల్ ప్రదేశ్‌లోని దిబాంగ్ లోయ జిల్లాలో 8,004 మంది మాత్రమే ఉన్నారు. ఈ రెండూ కొసలు, కాబట్టి పక్కన పెట్టండి. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను తీసుకుందాం. అదే లెక్కల ప్రకారం దాని జనాభా 40 లక్షల 53 వేలు, వైశాల్యం 18,432 చదరపు కిలోమీటర్లు. అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రం మొత్తం జనాభా 13 లక్షల 84 వేలు, వైశాల్యం 83,743 చదరపు కిలోమీటర్లు, అప్పటికి జిల్లాలు 16. జిల్లాకొకటి అన్న కొలత వేస్తే అక్కడ 86 వేల మందికి ఒక కేంద్రం వస్తుంది, పాలమూరులో 40 లక్షల మందికి ఒకటి వస్తుంది. కొండలు, లోయలు, దారుల్లేని అడవులు ఉన్న చోట కేంద్రాలు దగ్గరదగ్గరగా ఉండాలి కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఉండాలి. కానీ విస్తీర్ణం కొలిచి చూసినా అక్కడ కేంద్రానికి సగటున 5 వేల చిల్లర చదరపు కిలోమీటర్లు వస్తే, పాలమూరులో అంతకు మూడున్నర రెట్లు వచ్చింది. జాతీయ సగటునే పాలమూరుకు వర్తింపజేస్తే ఆ ఒక్క కేంద్రం కింద దాదాపు 11 లక్షల మంది యువతీయువకులున్నట్టు. ఉమ్మడి నల్లగొండ జిల్లా కూడా దీనికి మరీ దూరం కాదు: 34 లక్షల 88 వేల జనాభా, 14,240 చదరపు కిలోమీటర్లు.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. జిల్లా కింద మెట్టుగా ఈ సంస్థలన్నీ బ్లాకును తీసుకుంటాయి, కార్యకర్తలను బ్లాకుకు ఇంతమంది అని లెక్క కడతాయి. ఉత్తరాదిలో బ్లాకు అంటే సాధారణంగా లక్షకు పైబడిన జనాభా. మన దగ్గర 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 64, ఉమ్మడి నల్లగొండలో 59 మండలాలుండేవి. అంటే మండలానికి సగటున 60 వేల మంది. కాబట్టి జిల్లాను కొలతగా పెట్టుకున్నప్పుడు మనం నష్టపోయాం, బ్లాకును కొలతగా పెట్టుకుంటే నిజానికి మనకు మేలు జరగాలి. ఈ సంగతిని నిధులు అడగడానికి వెళ్లే మన సంఘాల వారు చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. మీలో ఎవరైనా చెప్పి ఉంటే నన్ను క్షమించండి.

2016 దసరా నాడు, అంటే అక్టోబరు 11న, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత నారాయణపేట వేరుపడ్డాయి; షాద్‌నగర్, ఆమనగల్లు వైపు రంగారెడ్డికి, కొడంగల్ వైపు వికారాబాదుకు పోయాయి. కలెక్టరేట్లు కొత్త జిల్లా కేంద్రాలకు వచ్చాయి. ఢిల్లీలోనో ముంబయిలోనో ప్రధాన కార్యాలయాలున్న సంస్థలు మాత్రం పాత పటం మీదనే పనిచేస్తూ వచ్చాయి. ఒక సంస్థ నివేదికలో నారాయణపేటలో కేంద్రం ఉన్నట్టు చూసి వెతికితే, అది పాత లెక్కలోని మహబూబ్‌నగర్ కేంద్రమేనని, కింద ఒక పేరు రెండుగా మారిందని తెలిసింది. చుక్కలు పెరిగాయి, తలుపులు మాత్రం పెరగలేదు.

డబ్బు కూడా పటాలు గీస్తుంది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి; తాము పనిచేసే పరిసర ప్రాంతాలకు మొదటి స్థానం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫలితం ఊహించగలిగిందే: దేశంలో ఈ సొమ్ములో పెద్ద వాటా మహారాష్ట్రకు పోతుంది. మన దగ్గరికి వస్తే ఔషధ పరిశ్రమలున్న చౌటుప్పల్, జడ్చర్ల వైపు, సిమెంటు ఫ్యాక్టరీలున్న హుజూర్‌నగర్, మఠంపల్లి, దామరచర్ల వైపు కొంత తేమ తగులుతుంది. ఫ్యాక్టరీ లేని చందంపేటకు, అమ్రాబాద్‌కు, గట్టుకు చట్టంలో చోటు లేదని కాదు, అక్కడ పరిసరంగా చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఇక వెనుకబాటును కొలిచి సొమ్ము పంపే పద్ధతి ఉంది. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో తెలంగాణ నుంచి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం మాత్రమే చోటు చేసుకున్నాయి. దక్షిణ తెలంగాణ నుంచి ఒక్కటీ లేదు. ఆ మూడు జిల్లాలకు అర్హత లేదని ఎవరూ అనరు. కానీ 2011లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతమే, రాష్ట్రంలోనే అట్టడుగున ఉంది. జిల్లా మొత్తాన్ని సగటు చేస్తే గట్టు మండలం కనిపించకుండా పోతుంది. 2023లో జిల్లాను వదిలి బ్లాకుల జాబితా వేసినప్పుడు గట్టు వచ్చింది, నారాయణపేట జిల్లాలోని నర్వ వచ్చింది. కొలత మారగానే ఊళ్లు ఎట్లా బయటపడతాయో చూడండి.

ఇంతవరకు చుక్క ఎక్కడ పడుతుందన్నది చెప్పాను. ఇప్పుడు చుక్క దాకా ఎట్లా పోవాలన్నది చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు దూరం అక్కడే ఉంది.

చందంపేట మండలంలోని ఒక తండా నుంచి బయల్దేరే పద్దెనిమిదేళ్ల అమ్మాయిని ఊహించండి. తండా నుంచి రోడ్డు దాకా నడక. రోడ్డు మీద ఆటో నిండేదాకా ఎదురుచూపు. దేవరకొండలో దిగి నల్లగొండ బస్సు పట్టుకోవాలి. అది సుమారు 60 కిలోమీటర్లు. శిక్షణ తరగతి పది గంటలకు మొదలై అయిదు గంటలకు ముగుస్తుంది. మళ్లీ దేవరకొండ చేరేసరికి రాత్రవుతుంది, అక్కడి నుంచి తండా వైపు బస్సు ఉండదు, ఆటోవాడు ఒక్క మనిషి కోసం కదలడు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. అది చిన్న మేలు కాదు, నేను చూసిన తరగతుల్లో అమ్మాయిల హాజరు ఆ తర్వాత స్పష్టంగా పెరిగింది. కానీ ఛార్జీ పోయింది గాని చీకటి పోలేదు. ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న టికెట్టు ధర గురించి కాదు, ఆఖరి బస్సు ఎన్నింటికి అని.

రైలు సంగతి అడగకండి. నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు, గద్వాలకు రైలుంది. సూర్యాపేట, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలైనా రైలు లేదు; దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపురం సరేసరి. వనపర్తి రోడ్డు అనే స్టేషనుంది, అది వనపర్తిలో లేదు. నారాయణపేట రోడ్డు అనే స్టేషను ఏకంగా కర్ణాటకలో, సైదాపూర్ దగ్గర ఉంది. రైల్వే పట్టికను చూసి శిక్షణ కేంద్రానికి స్థలం ఎంచిన పెద్దమనిషి ఒకరు ఈ పేరును నమ్మి, రైలు సౌకర్యం కలదని రాసుకున్న కాగితం నా కళ్లారా చూశాను.

దూరానికి మందు ఏమిటంటే, మన పెద్దలకు అది నూరేళ్ల కిందటే తెలుసు: వసతి. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాదుకు కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, అయిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టల్‌ను నెలకొల్పడానికి పూనుకున్నారు. గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి దాని కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు. మన జిల్లాల పిల్లలు నగరంలో చదువుకోగలిగారంటే ముందు పడుకోవడానికి చాప, తినడానికి కంచం దొరకబట్టే. ఆ కాలపు హాస్టళ్లు కులాల పేరిట నడిచాయన్నది నిజం, ఆ పరిమితిని దాచనక్కర లేదు. కానీ బడి కంటే ముందు బస అన్న సూత్రం సరైనది.

అదే సూత్రంతో 1982లో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర ఉజిరెలో రుడ్‌సెటి అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ పుట్టింది. ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే చొరవతో అక్కడి విద్యాసంస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి దాన్ని స్థాపించాయి. నిరుద్యోగ యువతను పిలిచి, ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి, కొద్ది వారాల్లో ఒక పని నేర్పి, ఆ తర్వాత బ్యాంకు అప్పు ఇప్పించి, రెండేళ్లపాటు వెంట ఉండి చూసుకోవడం దాని పద్ధతి. ఈ పద్ధతి నచ్చి గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009 నుంచి జిల్లాకొక గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉండాలని చెప్పింది. రాష్ట్రం స్థలం ఇవ్వాలి, భవనానికి కేంద్రం మొదట్లో కోటి రూపాయల దాకా ఇచ్చింది, జిల్లా లీడ్ బ్యాంకు నడపాలి. ఇక్కడ కూడా జిల్లాకొకటి అన్న పాత కొలతే ఉంది, కానీ పడక ఉండటంతో ఆ కొలత దోషం చాలావరకు తగ్గింది. కేంద్రం ఎక్కడున్నా, ఒకసారి వచ్చి ముప్పై రోజులు ఉండి పోవచ్చు. పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో 1995 నుంచి ఉన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఇట్లాంటిదే. 1951లో వినోబా భూదానం మొదలైన ఊరని, హైదరాబాదు సంస్థానంలో స్వాతంత్ర్య పోరాటం నడిపిన స్వామీజీ పేరు చెప్పుకోవాలని పి.వి. నరసింహారావు వంటి శిష్యుల అభిమానం కొద్దీ ఆ స్థలం ఎంచారు తప్ప, ఏ గణాంకం చూసీ కాదు. అయినా పడకలుండటం వల్ల దూరపు పిల్లలకు పనికొచ్చింది. అందుకే ఒక సంస్థ నాకు అయిదు కేంద్రాలు తెరుస్తాం అంటే, రెండు తెరవండి, ఆ మిగిలిన సొమ్ముతో ఆ రెంటికీ పడకలు పెట్టండి, అందులో సగం ఆడపిల్లలకు పెట్టండి అని చెబుతాను.

రాష్ట్రాల సరిహద్దుల విషయం ఒకటి చెప్పి వలసల దగ్గరికి వస్తాను. అలంపురం పిల్లలకు పట్టణం అంటే కర్నూలు. తుంగభద్ర వంతెన దాటితే చాలు. కృష్ణా మండలం వాళ్లకు, గట్టు పడమటి ఊళ్లకు రాయచూరు దగ్గర. ఆసుపత్రికి, పెళ్లి బట్టలకు, పత్తి అమ్మడానికి జనం అక్కడికే పోతారు. దేశవ్యాప్త సంస్థకు కర్నూలులో కేంద్రం ఉంటుంది, రాయచూరులో ఉంటుంది, కానీ ఆంధ్రప్రదేశ్ బడ్జెటు ఆంధ్రప్రదేశ్ వారికి, కర్ణాటక బడ్జెటు కర్ణాటక వారికి. ఆధార్ మీద చిరునామా చూసి, మీరు మహబూబ్‌నగర్ పోవాలని చెబుతారు. గట్టు నుంచి మహబూబ్‌నగర్ వంద కిలోమీటర్లకు పైమాట. నాలుగు రాష్ట్రాల్లో శాఖలున్న సంస్థ కూడా ఒక నది మీది వంతెనను దాటలేకపోతే దేశవ్యాప్తం అన్న మాటకు అర్థం ఏముంది?

ఇప్పుడు వలస. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఆనకట్టలు, కాలువలు తవ్విన ప్రతిచోటా వినిపించింది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఊళ్లకు ఊళ్లు తీసుకుపోయేవాడు. ఇప్పుడు నీళ్లు కొంత వచ్చాయి, ఆ తరహా వలస తగ్గింది. కానీ కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పూణే, హైదరాబాదుల నిర్మాణ పనులకు పోవడం ఆగలేదు. నల్లగొండ చేనేత ఊళ్ల నుంచి భీవండి, సూరత్ మగ్గాలకు పోయినవారు రెండు మూడు తరాలుగా అక్కడే ఉన్నారు. ఇందులో ఎక్కువమంది ఏ వయస్సు వారు? మనం చెప్పుకుంటున్న 15 నుంచి 29 మధ్య వారే. జనాభా లెక్కల్లో ఆ పిల్లవాడు కోస్గిలో ఉంటాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు పూణేలో ఉంటాడు. కోస్గిలో తెరిచిన కేంద్రంలో కుర్చీలు ఖాళీగా ఉంటే, ఇక్కడి యువతకు ఆసక్తి లేదని నివేదిక రాస్తారు. పీర్ల పండుగకు, దసరాకు ఊళ్లో నిలబడి చూడండి, ఆసక్తి సంగతి తెలుస్తుంది.

గద్వాల వైపు విత్తన పత్తి చేలలో ఇది ఇంకొక రూపంలో ఉంటుంది. పూత కాలంలో క్రాసింగు పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, తెల్లవారకముందే చేనుకు పోవాలి. ఆ పని ఎక్కువగా ఆడపిల్లల చేతుల మీదుగా జరుగుతుంది. ఆ నెలల్లో బ్యాచ్ మొదలుపెట్టమని ముంబయి నుంచి పట్టిక వస్తే, ఎవరు వస్తారు? నల్లమలలో అప్పాపూర్ వంటి పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఉండే యువకులకు మన్ననూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, కానీ తేనె, అటవీ ఫలసాయం సేకరించే రోజుల్లో వాళ్లు మన్ననూరుకు కూడా దిగిరారు. స్థలం ఎంచడమంటే నెల ఎంచడం కూడా. ఇది ఏ పటంలోనూ కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఫోను వచ్చింది కదా, కేంద్రాలెందుకు అనేవారున్నారు. ఫోను గొప్పదే. 1996లో ముంబయిలో టాటా సామాజిక విజ్ఞాన సంస్థ ప్రయోగంగా మొదలుపెట్టిన 1098 చైల్డ్‌లైన్, ఆపదలో ఉన్న పిల్లల సహాయ ఫోను, భవనం లేకుండా దేశమంతా చేరుకోవచ్చని చూపించింది. కానీ అక్కడ కూడా ఫోను ఎత్తిన తర్వాత పిల్లల దగ్గరికి వెళ్లడానికి ప్రతి ఊళ్లోనూ ఒక స్థానిక సంస్థ మనుషులు ఉండాల్సి వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల కోసం పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్‌దీ ఇదే అనుభవం. శంకర్‌పల్లి వైపు పల్లెల్లోని యువకులనే కార్యకర్తలుగా మలచుకుని పని సాగించారు. 2003లో ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చిన పని వెనుక ఉన్నది భవనాల సంఖ్య కాదు, ఊరూరా తిరిగిన కుర్రాళ్ల సంఖ్య.

మరి మనం ఏం అడగాలి? జార్జ్ విలియమ్స్ సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. పల్లె విడిచి వచ్చిన కుర్రాడికి నగరంలో ఒక చోటు ఉండాలన్నది ఆ సంస్థకు మొదటి ఆలోచన. జిల్లా సంస్థ చేయలేనిది, దేశవ్యాప్త సంస్థ మాత్రమే చేయగలిగింది ఇదే: కోస్గిలో పేరు నమోదు చేసుకున్న పిల్లవాడిని పూణే కేంద్రం గుర్తుపట్టడం. సగం నేర్చుకున్న పనిని అక్కడ పూర్తిచేయించడం, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలుగులో చెప్పడం, పండుగకు తిరిగి వచ్చినప్పుడు ఇక్కడి కేంద్రం అతణ్ని మళ్లీ కలవడం. ఇప్పుడు ఒకే సంస్థకు చెందిన ఆ రెండు కేంద్రాలూ ఒకరి ముఖం ఒకరు ఎరగవు; రెండూ ఢిల్లీకి వేర్వేరుగా నివేదికలు పంపుతాయి.

రెండో కోరిక మన చరిత్రలోనే ఉంది. నిజాం కాలంలో ఆంధ్ర మహాసభకు జిల్లా జిల్లాకూ భవనాలు లేవు. 1930లో జోగిపేటలో మొదటి సభ జరిగింది; 1931లో దేవరకొండలో రెండోది. 1936లో షాద్‌నగర్, 1941లో హుజూర్‌నగర్ తాలూకాలోని చిలుకూరు, 1944లో భువనగిరి. సభే ఊరూరికీ పోయింది, పోయిన ప్రతిచోటా వాలంటీర్లుగా పనిచేసిన కుర్రాళ్లు ఆ తర్వాత ఆ ప్రాంతానికి నాయకులయ్యారు. శిక్షణ కేంద్రం కూడా అట్లా కదలవచ్చు. కుట్టు మిషన్లు, మోటారు వైండింగు సామాను, సెల్‌ఫోను మరమ్మతు బల్లలు లారీలో ఎక్కుతాయి. మూడు నెలలు దేవరకొండలో, మూడు నెలలు అచ్చంపేటలో, క్రాసింగు పని అయిపోయాక గద్వాలలో పెట్టవచ్చు. సంవత్సరం చివర నివేదికలో దాన్ని ఒకే చుక్కగా చూపించాల్సి వస్తుంది, అందుకే ఏ కార్యాలయమూ ఇష్టపడదు. ఆ ఒక్క అయిష్టాన్ని వాదించి దాటించే బాధ్యత మన మీద ఉంది.

వాదించాలంటే చేతిలో కాగితం ఉండాలి. వెనక బల్ల మీద మీ మీ మండలాల పటాలు ఉంచాను. వచ్చే తరగతికి ముందు ప్రతి ఒక్కరూ తమ మండలంలోని ప్రతి ఊరికీ, తండాకూ, పెంటకూ పక్కన మూడు విషయాలు రాసుకుని రండి: దగ్గరి పట్టణం ఏది, అది మన రాష్ట్రంలోదా కాదా, ఆ పట్టణం నుంచి ఊరికి ఆఖరి బస్సు లేదా ఆటో ఎన్ని గంటలకు, ఊళ్లో కుర్రాళ్లు ఏ నెలల్లో ఉంటారు, ఏ నెలల్లో ఉండరు. పెన్నుతో వద్దు, పెన్సిలుతో రాయండి. దసరా తర్వాత బస్సుల వేళలు మారుతాయి.